ముప్పై దాటకముందే ఓపెన్ ప్లాట్ కొని పడేయాలా?

కొత్తజీతం: నాకు 28. హైదరాబాద్‌లో ఉద్యోగం, చేతిలో 12 లక్షలున్నాయి. ఇంకో 8 లక్షలు లోన్ తీసుకుని సదాశివపేట వైపు ప్లాట్ కొని, పదిహేనేళ్లు దాని ఊసెత్తొద్దంటారు నాన్న. "భూమి రేటు తగ్గడం ఎక్కడైనా చూశావురా?" అని ఆయన వాదన. ఫ్రెండ్సేమో మ్యూచువల్ ఫండ్స్‌లో నెలనెలా వేసుకోమంటున్నారు. ఏం చేయమంటారు?

మర్రిచెట్టు: నాన్నగారి మాట వినండి. కొండాపూర్‌లో స్థలం కొంటే ఆ రాళ్లగుట్టల్లో ఏం చేసుకుంటావని నవ్విన రోజులు నాకు గుర్తున్నాయి. 1998లో ఆ పక్కనే ఐటీ కంపెనీల కోసం సైబర్ టవర్స్ తెరిచారు. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు.

వడ్డీలెక్క: కొండాపూర్ కథ అందరూ చెప్తారండీ. అదే ఏడాది ఇంకోవైపు కొని, ఇప్పటికీ తుమ్మచెట్లు కొట్టించుకుంటున్నవాళ్లు చెప్పరు. సరే, ఇరవై ఏళ్లలో పది రెట్లయిందనుకుందాం. ఏడాదికి 12 శాతం పైచిలుకు, అంతే. అందులోంచి రిజిస్ట్రేషన్ ఖర్చు, లోన్ వడ్డీ, ఫెన్సింగ్, అమ్మేటప్పుడు బ్రోకర్ కమీషన్ తీసేయండి. మధ్యలో రూపాయి అద్దె రాదు.

తుళ్లూరు రోడ్: రేటు తగ్గదని ఎవరన్నారు? మా వైపు 2015 అక్టోబర్‌లో అమరావతి రాజధానికి శంకుస్థాపన జరిగింది, గజం రేటు ఆకాశానికెక్కింది. 2019 డిసెంబర్‌లో అసెంబ్లీలో మూడు రాజధానుల మాట వచ్చేసరికి కొనేవాడే లేడు. తక్కువకిస్తామన్నా బ్రోకర్లు ఫోన్ ఎత్తలేదు. 2024 ఎన్నికల తర్వాత మళ్లీ లేచింది. ఈ మధ్యలో పిల్ల పెళ్లికో ఆసుపత్రికో అయినకాడికి అమ్ముకున్నవాళ్లున్నారు, అవసరం లేక అట్టే పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు. ఇద్దరూ తొందరగా కొన్నవాళ్లే. 8 లక్షల ఈఎంఐ నెత్తిన పెట్టుకుని అలాంటి అయిదేళ్లు ఆగగలరా, అది చూసుకోండి ముందు.

మర్రిచెట్టు: ఒప్పుకుంటా. కానీ 2020 మార్చిలో మార్కెట్ పడగానే ఫండ్స్ అమ్మేసుకున్న కుర్రాళ్లు నాకు బోలెడుమంది తెలుసు. ప్లాట్ రేటు రోజూ ఫోన్‌లో కనపడదు కాబట్టే మనవాళ్ల చేతిలో మిగులుతుంది.

ఈసీ తీశారా: మీరంతా రేట్ల దగ్గరే ఉన్నారు. మా బాబాయి పంచాయతీ లేఅవుట్‌లో చవగ్గా వచ్చిందని కొన్నాడు. 2020 ఆగస్టులో తెలంగాణలో అనుమతి లేని లేఅవుట్ల రిజిస్ట్రేషన్లు ఆపేశారు, క్రమబద్ధీకరణ పథకం ఎల్‌ఆర్‌ఎస్‌కు దరఖాస్తు పెట్టి ఏళ్లు ఎదురుచూశాడు. అమ్మినవాడు ఆఫీసే ఎత్తేశాడు. కాబట్టి తమ్ముడూ, లేఅవుట్‌కు హెచ్‌ఎండీఏ లేదా డీటీసీపీ (ప్రభుత్వ ప్లానింగ్ సంస్థలు) అనుమతి, రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ రెరా ఇచ్చే నంబర్ ఉన్నాయా? ముప్పై ఏళ్ల ఈసీ (స్థలం మీద అమ్మకాలు, తాకట్ల రికార్డు), లింక్ డాక్యుమెంట్లు (పాత యజమానుల పత్రాలు) చూశావా? సర్వే నంబర్ 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల లిస్టు) ఉందా? చెరువు ఎఫ్‌టీఎల్ (నిండినప్పుడు నీళ్లు వచ్చే హద్దు), బఫర్ (దాని చుట్టూ కట్టకూడని మేర) సంగతేంటి? 2024లో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా వచ్చాక హైదరాబాద్ చుట్టుపక్కల ఈ చివరిది చూడకుండా అడ్వాన్స్ ఇవ్వడం పిచ్చితనం. గుంటల లెక్కన అమ్మే ఫామ్ ప్లాట్ల జోలికైతే అసలు పోకు. అది వ్యవసాయ భూమే, రేపు ఇంటికి పర్మిషన్ రాదు.

డల్లాస్ బావ: ఎన్నారైలకు ఇంకో మాట. విదేశీ మారక చట్టం ఫెమా ప్రకారం మనం వ్యవసాయ భూమి కొనకూడదు, ఇళ్ల ప్లాట్లయితే కొనొచ్చు. ఏజెంట్లు ఇది చెప్పరు.

కొత్తజీతం: ఏజెంట్‌ను అడిగా. "ఎల్‌పీ (లేఅవుట్ పర్మిట్) నంబర్ వచ్చేస్తుంది సార్, రెరా ప్రాసెస్‌లో ఉంది, ట్రిపుల్ ఆర్ (రీజనల్ రింగ్ రోడ్డు) పక్కనే" అంటున్నాడు.

ఈసీ తీశారా: రెరా నంబర్ రాకముందే అమ్మకానికి పెట్టడమే తప్పు. అక్కడితో వదిలెయ్. ట్రిపుల్ ఆర్ పక్కనో, అలైన్‌మెంట్ లోపలో ఎవడికి తెలుసు? లోపలుంటే సర్కారే తీసేసుకుంటుంది.

వడ్డీలెక్క: పన్ను కూడా చూసుకోండి. 2024 జులై 23కు ముందు కొన్న స్థలమైతే, అమ్మినప్పుడు ఇండెక్సేషన్‌తో (ధరల పెరుగుదలకు తగ్గట్టు కొన్న ధర పెంచి లెక్కేయడం) 20 శాతమా, అది లేకుండా 12.5 శాతమా అని ఎంచుకోవచ్చు. ఇప్పుడు కొంటే ఆ ఛాన్స్ లేదు, 12.5 ఒక్కటే. ధరల పెరుగుదల వల్ల వచ్చిన లాభం మీదా పన్ను పడుతుంది.

కొత్తజీతం: సరే, లోన్ ఆలోచన మానేశా. అనుమతులన్నీ ఉన్న చిన్న ప్లాట్ 12లోపు దొరికితే చూస్తానన్నా, లేకపోతే ఫండ్సే. నాన్న ముఖం మాడ్చుకున్నారు. ఆదివారం ఇంకో కంపెనీవాళ్లు సైట్ విజిట్‌కు కారు పంపుతారట.

మర్రిచెట్టు: వాళ్ల కారులో వద్దు బాబూ. గట్టి వాన పడ్డ మర్నాడు నాన్నగారిని మీ బండి మీదే తీసుకెళ్లండి. నీళ్లు ఎక్కడ నిలిచాయో బ్రోచర్‌లో వేయరు.