‘పవర్ ఆన్ పాస్‌వర్డ్’, ‘సెటప్ పాస్‌వర్డ్’: తెలుగులో ఏమందాం?

ప్రశ్న (హనుమకొండ):
కంప్యూటర్ ల్యాబుల్లో పనిచేసేవాళ్లకు తెలుగులో ఒక కరపత్రం రాస్తున్నాం. డెస్క్‌టాప్‌కు బయోస్‌లో (విండోస్ కంటే ముందే నడిచే, మదర్‌బోర్డు మీది ప్రోగ్రామ్‌లో) పెట్టే రెండు పాస్‌వర్డ్‌లకు మాటలు కుదరడం లేదు. ‘ప్రారంభ సంకేతపదం’ అంటే విండోస్ లాగిన్ అనుకుంటున్నారు. ‘అమరిక సంకేతపదం’ అంటే విండోస్ సెట్టింగ్స్‌లో వెతుకుతున్నారు. ఏమంటే బాగుంటుంది?

కాజీపేట నుంచి:
అన్నా, వెతికినోళ్ల తప్పేం లేదు. ఫోన్‌ల కూడా అమరికలంటే సెట్టింగ్సే కదా. ఎక్కడ అడ్డం పడతదో పేరుల అది తెలవాలె. మొదటిది ఆన్ చెయ్యంగనే, విండోస్ రాకముందే అడుగుతది. రెండోది డిలీటో, ఎఫ్2నో కొట్టి బయోస్‌ల పోతే అడుగుతది. ‘షురూ పాస్‌వర్డ్’, ‘బయోస్ పాస్‌వర్డ్’ అందాం. పాస్‌వర్డ్ అన్న మాటను మాత్రం మార్చకుండ్రి, తెర మీద కనబడేది అదే.

కరీంనగర్ నుంచి:
‘షురూ’ బాగుంది, ‘బయోస్’ వద్దు. రెండూ పెట్టేది బయోస్‌లోనే. నా మాట ‘మార్పుల పాస్‌వర్డ్’. అది లేనివాళ్లు లోపల ఏదీ మార్చకూడదు, దాని పని అదే. మెనూల్లో పేర్లు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి కాబట్టి అవి కూడా ఇవ్వండి. ప్రతి జంటలో మొదటిది మార్పులది, రెండోది షురూది. పాత అవార్డ్ కంపెనీ బయోస్‌లో ‘సూపర్‌వైజర్’, ‘యూజర్’. డెల్‌లో ‘అడ్మిన్’, ‘సిస్టమ్’. హెచ్‌పీలో ‘సెటప్’, ‘పవర్ ఆన్’. అవార్డ్‌లో పాస్‌వర్డ్ పెట్టినంత మాత్రాన ఆన్ చేసినప్పుడు అడగదు. ‘అడ్వాన్స్‌డ్ బయోస్ ఫీచర్స్’లో ‘సెక్యూరిటీ ఆప్షన్’ను ‘సెటప్’ నుంచి ‘సిస్టమ్’కు మార్చి, ఎఫ్10తో సేవ్ చేయాలి. చాలామంది ఆగిపోయేది ఇక్కడే.

ప్రశ్న (హనుమకొండ):
‘మార్పుల పాస్‌వర్డ్’ ఖాయం చేస్తున్నా. మరి ల్యాబులో రెండూ పెట్టమని రాయాలా?

కాజీపేట నుంచి:
మార్పులది తప్పకుండ పెట్టాలె. ఏఎంఐ అనే కంపెనీ బయోస్‌ల యూజర్ పాస్‌వర్డ్ ఒక్కటే పెట్టి ఇడిచిపెడితే, అది తెలిసినోడికి లోపల అడ్మిన్ హక్కులన్నీ వస్తయి. ఇంక దాన్నే మార్చి కూసుంటడు. పాస్‌వర్డ్ పెట్టేముందే బూట్ వరుసల (కంప్యూటర్ దేని నుంచి మొదలు కావాల్నో చెప్పే వరుస) హార్డ్‌డిస్క్‌ను ముందుకు తెచ్చి, యూఎస్‌బీ బూట్ బంద్ చెయ్యాలె. లేకపోతే పెన్‌డ్రైవ్‌ల లినక్స్ తెచ్చినోడు విండోస్ జోలికి పోకుండనే ఫైళ్లు చూస్తడు.

షురూది అన్నిటికీ వద్దు. కరెంటు పోయి వస్తే దానంతట అదే ఆన్ అయ్యేటట్టు పెట్టిన సర్వర్ ఉంటే, పాస్‌వర్డ్ కాడ ఆగిపోతది. ఎవరో వచ్చి కొట్టేదాక మిగతా కంప్యూటర్లకు దాని ఫైళ్లు అందయి. ఇంకోటి, అక్కడ తెలుగు కీబోర్డు పనిచెయ్యది. నమ్‌లాక్ ఆఫ్‌ల ఉంటే పక్కన ఉండే అంకెలు పడయి, పైవరుస అంకెలే కొట్టమని రాయుండ్రి.

కరీంనగర్ నుంచి:
‘కంప్యూటర్‌కు పూర్తి రక్షణ’ అనే శీర్షిక మాత్రం తీసేయండి. డిస్క్ ఊడదీసి వేరే కంప్యూటర్‌కు తగిలిస్తే ఈ రెండు పాస్‌వర్డ్‌లూ అడ్డురావు. దానికి బిట్‌లాకర్ (కీ లేకుండా డిస్క్‌ను చదవనివ్వని విండోస్ సదుపాయం) కావాలి. పాత బోర్డుల్లో కరెంటు వైరు పీకి, సీఆర్2032 బ్యాటరీ కాసేపు తీసినా, సీమాస్ (బయోస్ సెట్టింగులు దాచుకునే చిన్న మెమరీ) క్లియర్ జంపర్ (బోర్డు పిన్నుల మీది చిన్న తొడుగు) మార్చినా పాస్‌వర్డ్ పోతుంది. కొత్త బ్రాండెడ్ వాటిలో చాలావరకు బ్యాటరీ తీసినా పోదు. చాలా డెల్ డెస్క్‌టాప్‌ల బోర్డు మీద పాస్‌వర్డ్ తీసేయడానికి ‘పీఎస్‌డబ్ల్యూడీ’ అని వేరే జంపర్ ఉంటుంది. అందుకే క్యాబినెట్ వెనక కొండీ ఉంటే దానికి చిన్న తాళం వేయమనండి.

సీమాస్ క్లియర్ చేస్తే తేదీతో పాటు సాటా మోడ్ (బోర్డు డిస్క్‌తో మాట్లాడే పద్ధతి) కూడా మొదటికి వస్తుంది. రైడ్ అనే మోడ్‌లో ఉన్నది ఏహెచ్‌సీఐ అనే మోడ్‌కు మారితే విండోస్ నీలం తెర దగ్గరే ఆగుతుంది. బయోస్ పేజీలన్నీ ముందే ఫోన్‌తో ఫొటో తీసుకోవాలి. బిట్‌లాకర్ ఉంటే 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసి, ల్యాబులో కాకుండా ఆఫీసు బీరువాలో పెట్టాలి.

ప్రశ్న (హనుమకొండ):
శీర్షిక మార్చాను: ‘షురూ పాస్‌వర్డ్, మార్పుల పాస్‌వర్డ్: ఏది దేన్ని ఆపుతుంది’. మెనూ పేర్లు పట్టికగా మొదటి పేజీలోనే ఇస్తున్నాను.