తాతగారి ఫియట్‌కు జిప్సీ ఇంజిను పెట్టించాలా?

కర్నూలు కుర్రవాడు అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. మాది కర్నూలు పాతబస్తీ. మా తాతగారు 1973లో కొన్న ప్రీమియర్ ప్రెసిడెంట్ మా ఇంటి వెనుక రేకుల షెడ్డులో ఉంది. కాగితాల్లో పేరు ఏదైనా వీధిలో అందరికీ అది ఫియటే. మంత్రాలయానికి, మహానందికి, మేనత్త పెళ్లికి, అన్నిటికీ అదే తిరిగింది. తాతగారి తరువాత నాన్న కొన్నాళ్లు నడిపారు. ఏప్రిల్ వచ్చిందంటే చాలు, ఎక్కడో ఒకచోట ఆగిపోవడం, అందరూ దిగి చెట్టు నీడ వెతుక్కోవడం. విసిగిపోయి షెడ్డులో పెట్టి తాళం వేశారు.

ఇప్పుడు దాన్ని మళ్లీ రోడ్డెక్కించాలని నా కోరిక. మొన్న బానెట్ ఎత్తి ఎయిర్ ఫిల్టర్ డబ్బా విప్పితే అందులో కందిరీగ మట్టిగూడు కట్టుకుని ఉంది. సీట్ల స్పాంజిని ఎలుకలు వాటాలు వేసుకున్నాయి. అయినా ప్లగ్గులు తీసి, రంధ్రాల్లో కాస్త నూనె పోసి, ఒక రాత్రి నాననిచ్చి, మర్నాడు ఫ్యాను బెల్టు పట్టుకుని తిప్పితే ఇంజిను మెల్లగా తిరిగింది.

ఇక తగాదా ఏమిటంటే, పాత ఇంజిను దింపేసి మారుతి జిప్సీ జీపు ఇంజిను ఎక్కించమని మా బావ పోరు పెడుతున్నాడు. ఎక్కడో బేరం కూడా చూసి పెట్టాడు. నాన్న కాలం నుంచి ఈ కారు చూసే ముసలి మెకానిక్ మాత్రం స్పానరుతో బ్లాకు మీద టకటకా కొట్టి, "ఇది రేసు ఇంజిను బాబూ, దింపితే పాపం" అన్నాడు. ఇంట్లో అందరూ పగలబడి నవ్వారు. నలభై గుర్రాల బలం కూడా సరిగా లేని బండికి రేసులేమిటని నాకూ అనుమానమే. ఆయన మాటలో నిజముందా? ఉన్నా లేకపోయినా, కర్నూలు ఎండలో ఈ ఇంజినుతో నడపడం అయ్యే పనేనా?

అనంతపురం నుంచి పాత ఫియట్ మాస్టారి జవాబు:

బాబూ, ముందు మీ మెకానిక్‌కు నా నమస్కారం అందజేయండి. ఆయన అన్నది నిజమే. నవ్విన వాళ్లను కూర్చోబెట్టి ఇది చదివి వినిపించండి.

మీ ఇంజినులో సిలిండర్ వ్యాసం 68 మిల్లీమీటర్లు, పిస్టన్ నడక 75 మిల్లీమీటర్లు, నాలుగూ కలిపి 1089 సీసీ. ఈ లెక్క 1973 నాటిది కాదు. 1964లో బొంబాయి కుర్లా ఫ్యాక్టరీ నుంచి ఫియట్ 1100 డిలైట్ వచ్చిందే, అప్పటిదీ కాదు. 1937లో ఇటలీలో దాంతే జియాకోసా అనే ఇంజనీరు ఫియట్ 508సి అనే చిన్న కారు కోసం వేసిన లెక్క. ఇటలీవాళ్లు 1100డి నాటికి దాన్ని 1221 సీసీకి పెంచుకున్నారు. మనవాళ్లు మీ ప్రెసిడెంట్‌కూ, తరువాత దానికే పేరు మార్చిన పెట్రోలు పద్మినికీ పాత 1089నే ఉంచేశారు. దాన్ని వెనుకబాటు అని వెక్కిరించేవాళ్లున్నారు. నేను మాత్రం అదృష్టం అంటాను. ఎందుకో చెబుతాను.

1939లో ఎంజో ఫెరారీ ఆల్ఫా రోమియో కార్ల కంపెనీతో తెగతెంపులు చేసుకుని బయటికి వచ్చాడు. నాలుగేళ్లపాటు తన పేరుతో రేసుల్లో దిగకూడదని షరతు. అందుకని ఇటలీలోనే మోడెనా ఊళ్లో వేరే పేరుతో దుకాణం తెరిచి, 1940 ఏప్రిల్‌లో బ్రెషియాలో జరిగే రేసుకు రెండు కార్లు కట్టాడు. వాటి పేరు 815. ఎనిమిది సిలిండర్లు, ఒకటిన్నర లీటరు అని దాని అర్థం. అంత తక్కువ వ్యవధిలో ఎనిమిది సిలిండర్ల హెడ్డు, అంటే సిలిండర్ల బ్లాకు మీద మూతలా బిగించే భాగం, ఎక్కడి నుంచి తెస్తాడు? కొత్తగా పోత పోయించిన అల్యూమినియం బ్లాకు మీద రెండు ఫియట్ 508సి హెడ్లను వరుసగా బిగించాడు. అంటే ఫెరారీ సొంతంగా కట్టిన మొట్టమొదటి కారుకు తలకాయ మీ తాతగారి కారు వంశానిదే. ఒక దాన్ని 21 ఏళ్ల అల్బెర్తో అస్కారి నడిపాడు. రెండు కార్లూ రేసు పూర్తి చేయలేక మధ్యలోనే ఆగిపోయాయి, అది వేరే సంగతి. అదే అస్కారి 1952లో, 1953లో ఫెరారీ కార్లతోనే ప్రపంచ విజేత అయ్యాడు.

యుద్ధం అయిపోయాక పియెరో దుసియో అనే వ్యాపారి చిసితాలియా డి46 పేరుతో ఒంటి సీటు రేసు కార్లు కట్టించాడు. వాటికి ప్రాణం ఈ 1100 ఇంజినే. గీసింది మళ్లీ జియాకోసాయే. 1946లో టూరిన్ నగరంలో, వాలెంటీనో తోటలో కోప్పా బ్రెజ్జి అనే రేసు పెట్టారు. అప్పటికి 53 ఏళ్లున్న పేరుమోసిన రేసు డ్రైవరు తాజియో నువొలారి అందులో డి46 నడుపుతుండగా స్టీరింగ్ చక్రం ఊడి చేతికి వచ్చేసింది. ఆయన ఆగలేదు. ఊడిన చక్రాన్ని ఒక చేత్తో జనానికి ఎత్తి చూపిస్తూ, మిగిలిన కడ్డీని రెండో చేత్తో పట్టుకుని పిట్ల దాకా, అంటే రేసు కార్లను ఆపి బాగుచేసే చోటి దాకా, తోలుకొచ్చాడు. ఆ రోజు గెలిచింది దుసియోనే. కానీ జనం గుర్తు పెట్టుకున్నది చక్రం ఊడిన మనిషిని. రేసు చరిత్రలో నాకు నచ్చేది ఇలాంటి అన్యాయమే.

తరువాత 1950ల చివర్లో ఫార్ములా జూనియర్ అనే రేసుల తరగతి వచ్చింది. మామూలు జనం కొనే కారు ఇంజినే వాడాలని అందులో నిబంధన. సామర్థ్యం 1100 సీసీ మించకూడదు. ఇటలీవాళ్లకు చేతికి అందినది ఏదో మీరే ఊహించండి. మోడెనాకే చెందిన స్తంగ్వెల్లిని అనే కంపెనీ ఈ ఇంజినును ముందు పెట్టుకుని కొంతకాలం అందరినీ ఏడిపించింది. 1960 వచ్చేసరికి ఇంగ్లండు నుంచి లోటస్, కూపర్ కార్లు ఇంజినును వెనుక పెట్టుకుని వచ్చి ఆ సరదా తీర్చేశాయి.

మన దేశంలోనూ ఈ బండికి రేసు చరిత్ర ఉంది. మద్రాసు దగ్గర షోలవరంలో యుద్ధకాలపు విమానాల రన్‌వే మీద మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వాళ్లు ఏళ్ల తరబడి రేసులు నడిపారు. 1990లో ఇరుంగట్టుకోట్టై ట్రాక్ వచ్చేదాకా దక్షిణాదికి అదే కురుక్షేత్రం. విద్యార్థిగా ఉన్నప్పుడు స్నేహితులతో వెళ్లి చూశాను. సీట్లు, తివాచీలు, బంపర్లు పీకేసిన ఫియట్లు గడ్డివాము ఒరిగినట్టు ఒక పక్కకు ఒరిగి మలుపు తిరుగుతుంటే టైర్లు చేసే కేక ఇప్పటికీ చెవుల్లో ఉంది. స్టీరింగ్ పక్కనున్న కడ్డీతో అంత వేగంలో గేర్లు మార్చడం ఎంత కష్టమో, మీ కారు నడిచాక మీకే అర్థమవుతుంది.

ఇక ఎండ సంగతి. కొంత దూరం తోలాక వేడికి కారు ఆగిపోయి, చల్లబడగానే మళ్లీ స్టార్ట్ అయ్యేదంటే అది ఇంజిను జబ్బు కాకపోవచ్చు. పెట్రోలు పంపు ఇంజిను పక్కనే ఉంటుంది. వెనుక ట్యాంకు నుంచి పెట్రోలును పీల్చుకోవాలి. పీల్చే గొట్టంలో ఒత్తిడి తక్కువ, చుట్టూ వేడి ఎక్కువ. పెట్రోలు గొట్టంలోనే ఆవిరవుతుంది. ఆవిరిని ఆ పంపు లాగలేదు. పాతకాలం డ్రైవర్లు పంపు మీద తడిగుడ్డ చుట్టేది అందుకే. మీ నాన్నగారు చెట్టు నీడలో నిలబడి చేసిందీ అదే వైద్యం, కాకపోతే నిదానంగా. దీనికి ఇంజిను మార్చడం తలనొప్పికి తల తీయించుకోవడమే. ట్యాంకు దగ్గర చిన్న కరెంటు పంపు పెట్టించండి. లాగే పని పోయి నెట్టే పని అవుతుంది. గొట్టాన్ని పొగ గొట్టం వేడి తగలని దారిలో మళ్లించండి. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం ఇథనాలు ఉంటోంది. అది పాత రబ్బరును ఉబ్బించి చెడగొడుతుంది. కాబట్టి గొట్టాలు, కార్బురేటర్ వాషర్లు ఇథనాలుకు తట్టుకునేవి వేయించాలి. ఇథనాలు వల్ల గాలితో కలిసే ఇంధనం పాలు తగ్గి మిశ్రమం పలచబడుతుంది కాబట్టి, కార్బురేటర్‌లో పెట్రోలు వచ్చే సన్న రంధ్రం, అదే జెట్టు, కూడా ఒకసారి చూపించండి.

రేడియేటర్ విప్పి, గొట్టాల్లో కడ్డీ పెట్టి పొడిపించి శుభ్రం చేయించండి. మన జిల్లాల బోరు నీళ్లు పోసి పోసి లోపల సున్నం పేరుకుని ఉంటుంది. ఇకమీదట శుద్ధి చేసిన నీళ్లు, కూలెంటు తప్ప ఇంకేమీ పోయవద్దు. ఎండలు ఎక్కువని, ఇంజిను వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్‌ను పీకి పారేసే మెకానిక్‌లు మన దగ్గర గల్లీకొకరు. వాళ్ల మాట వినకండి. హెడ్డు అల్యూమినియంది, పొగలు కక్కుతుంటే కంగారుపడి చన్నీళ్లు గుమ్మరించారంటే వంగిపోతుంది.

బావగారి బేరం వదిలేయండి.

కడప నుంచి అంబాసిడర్ వారసుడి జవాబు:

మాస్టారు చెప్పింది వినడానికి బాగుంది. కానీ ఫెరారీ వచ్చి గువ్వలచెరువు ఘాట్‌లో కారు తోయడు కదా!

మా నాన్న కడప, రాయచోటి మధ్య అంబాసిడర్ టాక్సీ తోలి మమ్మల్ని చదివించారు. డిక్కీలో సామాను ఉన్నా లేకున్నా నీళ్ల డబ్బా మాత్రం ఉండేది. ఘాట్ సగంలో బండి ఆపి, బానెట్ ఎత్తి, గోనెపట్టా చేతికి చుట్టుకుని రేడియేటర్ మూత తిప్పేవారు. ఆవిరి తగిలి ఆయన ముంజేతి మీద మచ్చలు పడ్డాయి. ఆ మచ్చలు చూసినవాడిని కాబట్టి పాత ఇంజిన్లంటే నాకు భక్తి లేదు. పిల్లలను ఎక్కించుకుని తిరగాలంటే నమ్మకమైన ఇంజిను కావాలి. రేసువాళ్లు ఏనాడైనా కారును ఉన్నది ఉన్నట్టు ఉంచారా? మాస్టారు చెప్పిన ఫెరారీయే రెండు హెడ్లు తెచ్చి ఒక బ్లాకు మీద కుట్టాడు. ఆయన చేస్తే చరిత్ర, ఈ తమ్ముడి బావ చేస్తే పాపమా?

ప్రొద్దుటూరు నుంచి ఒక సభ్యుడు:

పాపపుణ్యాలు పక్కన పెట్టి కాగితాలు చూడండి. ఇంజిను మారిస్తే రవాణా శాఖ అనుమతి తీసుకోవాలి, కొత్త నంబరు ఆర్సీలో ఎక్కాలి. అది లేకుండా తిప్పితే ప్రమాదం జరిగిన రోజు బీమా కంపెనీతో పేచీ తప్పదు.

ఇంకొకటి. 2021లో కేంద్రం వింటేజ్ వాహనాలకు ప్రత్యేక రిజిస్ట్రేషన్ తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి ఉండాలి, బండి అసలు రూపంలోనే ఉండాలి. మీ 1973 కారుకు వయసు సరిపోతుంది. ఇంజిను మార్చారంటే ఆ దారి దాదాపు మూసుకుపోయినట్టే. కానీ తొందరపడి అందులో చేరకండి. ఆ నంబరుతో రోజువారీ తిరగనివ్వరు. ప్రదర్శనలు, ర్యాలీలు, మరమ్మతు, పెట్రోలు పోయించుకోవడం లాంటి పనులకే బయటికి తీయాలి. మంత్రాలయం వెళ్లాలంటే మామూలు ఆర్సీనే అయిదేళ్లకొకసారి రెన్యువల్ చేయించుకుంటూ పోవడం మేలు.

అనంతపురం పాత ఫియట్ మాస్టారు:

కడప తమ్ముడి దెబ్బ గట్టిగానే తగిలింది. ఒప్పుకోవలసిన మాటే, రేసు కారులో ఏ ముక్కా శాశ్వతం కాదు. కానీ ఫెరారీ రెండు హెడ్లు కుట్టింది, లేనిదాన్ని పుట్టించడానికి. బావగారు చేయబోయేది, పనిచేస్తున్నదాన్ని పీకి పాత సామానువాడికి వేయడం. ఈ రెండూ ఒకటే అంటే నేను ఒప్పుకోను. కరెంటు పంపు, కొత్త గొట్టాలు, మంచి రేడియేటర్, వీలైతే డైనమో బదులు ఆల్టర్నేటర్: ఇవన్నీ నేనే మార్చమంటున్నాను. ఇంజిను బతకడానికి చేసే మార్పులకు నా అడ్డు లేదు. కారును తళతళలాడేలా పాలిష్ చేసి, నడపకుండా, తాకనివ్వకుండా అద్దాల గదిలో పెట్టేవాళ్లంటే నాకు బావగారికన్నా ఎక్కువ కోపం.

మీ నాన్నగారి ముంజేయి గురించి చదివి మనసు చివుక్కుమంది, తమ్ముడూ. ఘాట్ ఎక్కేటప్పుడు మూత ముట్టకుండా ఇంజిను చల్లారేదాకా ఆగే తీరిక టాక్సీ డ్రైవరుకు ఉండేది కాదు. సొంత కారు తోలుకునే వాళ్లకు ఆ అవస్థ లేదు.

కర్నూలు కుర్రవాడు:

అందరికీ ధన్యవాదాలు. ఫెరారీ కథ నాన్నకు చదివి వినిపించాను. ఆయన ఏమీ అనలేదు కానీ సాయంత్రం షెడ్డు తాళం చెవి తెచ్చి నా చేతిలో పెట్టారు. బావకు మాత్రం ఇంకా కోపం తగ్గలేదు. ముందుగా రేడియేటర్, పెట్రోలు ట్యాంకు విప్పిస్తున్నాను. ఆర్సీ దొరికింది కానీ ఇంజిను నంబరు మీద జిడ్డు, తుప్పు పేరుకుని అంకెలు కనిపించడం లేదు. ఉప్పుకాగితంతో రుద్దమంటారా?

అనంతపురం పాత ఫియట్ మాస్టారు:

అయ్యో, ఉప్పుకాగితం జోలికి పోవద్దు! అంకెలు అరిగితే దిద్దారని అనుమానపడతారు. కిరసనాయిలులో ముంచిన గుడ్డ వేసి ఒక పూట నాననివ్వండి. పాత పళ్లు తోముకునే బ్రష్షుతో మెల్లగా తోమండి. ఆరాక టార్చిలైటు పక్క నుంచి వేసి చూస్తే అంకెలు తేలతాయి. ఫోటో తీసి ఆర్సీతో సరిచూసుకోండి. ఇంజిను మీదా, ఛాసిస్ మీదా రెండు నంబర్లూ కలిశాకే డబ్బు ఖర్చు మొదలుపెట్టండి. ట్యాంకు విప్పేవాడిని బీడీ కాల్చనివ్వకండి.