పదును అంటే వాడి ఒక్కటేనా?

ప్రశ్న: పాలిటెక్నిక్ పిల్లల కోసం స్టెయిన్‌లెస్ స్టీలు పాఠం తెలుగులో రాస్తున్నాను. హార్డెనింగ్‌కి "గట్టిపరచడం" అని రాస్తే చప్పగా ఉంది. "పదును పెట్టడం" అంటే కత్తి నూరడం అనుకుంటారని తోటి మాస్టారు అంటున్నారు. ఏది రాయమంటారు?

జవాబు: పదునే రాయండి మాస్టారూ. నూరడం వేరు, పదును పెట్టడం వేరు. చిన్నప్పుడు కొలిమి దగ్గర గంటలకొద్దీ కూర్చుని చూసినవాణ్ణి. కమ్మరి కొడవలిని ఎర్రగా కాల్చి, అంచు వరకే నీళ్ళలో ముంచేవాడు. చుయ్‌మనేది. వెంటనే తీసి, అంచుని రాతి మీద ఒక్కసారి గీకి, కళ్ళు చికిలించి చూసేవాడు. వీపులో మిగిలిన వేడి అంచుకి పాకుతుంటే, తెల్లటి మెరుపు మీద ఎండుగడ్డి రంగు వచ్చేది. అది గోధుమ రంగులోకి తిరిగేలోపు మళ్ళీ నీళ్ళలోకి. ఆలస్యమై నీలం తిరిగిందా, మొదటికొచ్చి మళ్ళీ కాల్చాల్సిందే. సాన పట్టడం ఆ తర్వాతి పని. పదును లేని ఇనుముని ఎంత నూరినా అంచు నిలవదు.

లోపల జరిగేది ఇదీ. ఎర్రగా కాలినప్పుడు కార్బన్ ఇనుప పరమాణువుల మధ్య కరిగి ఉంటుంది. ఆ అమరిక ఆస్టెనైట్. ఠక్కున చల్లారిస్తే కార్బన్‌కి బయటపడే వ్యవధి ఉండదు. అది లోపలే ఇరుక్కుని, అమరిక ఒక పక్కకి సాగి మార్టెన్‌సైట్ అవుతుంది. మైక్రోస్కోపులో సూదులు పేర్చినట్టు కనిపిస్తుంది. చాలా గట్టిది, కానీ పెళుసు. ఆ పెళుసుని కొంత విరిచేదే ఎండుగడ్డి రంగు వేడి.

1913లో షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ పోసిన స్టెయిన్‌లెస్ కూడా ఈ జాతిదే: క్రోమియం 13 శాతానికి దగ్గర, కార్బన్ పావు శాతానికి దగ్గర. మన కూరల కత్తుల్లో వాడే 420 రకం దీని వంశమే. గరిటెలు, గిన్నెల 304 మాత్రం వేరు. అందులో 18 శాతం క్రోమియంతో పాటు 8 శాతం నికెల్ ఉంటుంది. ఆ నికెల్ వల్ల చల్లారాక కూడా ఆస్టెనైట్ అలాగే నిలబడుతుంది. కాల్చి నీళ్ళలో ముంచితే గట్టిపడకపోగా ఇంకా మెత్తబడుతుంది! అందుకే గరిటెకి పదును ఎక్కదు.

మరొకరు: మాది అనంతపురం వైపు. మాకు పదును అంటే ముందు నేల గుర్తొస్తుంది. వాన పడ్డాక మట్టి పిడికిట్లో నొక్కితే ఉండ కట్టాలి, వదిలేస్తే పొడిపొడిగా విడిపోవాలి. అప్పుడే "పదునైంది, గుంటక తోలండి" అంటారు. కన్నడంలో ఇదే మాట "హద". తమిళులు అన్నం సరిగ్గా ఉడికిన స్థితిని "పదం" అంటారు. అంటే అసలు అర్థం వాడి కాదు, ఆ వస్తువు లోపల కుదరవలసిన స్థితి. కత్తి అంచుకి ఆ పేరు తర్వాత వచ్చిందనే నా నమ్మకం.

అడిగినవారు: ఇద్దరికీ దండాలు. ఇంకొక్క సందేహం. 304 రేకుని చల్లగా ఉండగానే ప్రెస్సులో వంచితే గట్టిపడుతుంది. సింకు మూలల్లో అయస్కాంతం కాస్త అంటుకుంటుంది కూడా. అక్కడ కొంత ఆస్టెనైట్ మార్టెన్‌సైట్‌గా మారిందని పిల్లలకి చెప్పాలి. దాన్నీ పదును అనవచ్చా?

జవాబు: వద్దండీ. పదును నిప్పు, నీరు కలిసి తెచ్చేది. దెబ్బ తిని గట్టిపడిన దాన్ని "బిరుసెక్కింది" అంటాం. మరీ బిరుసెక్కితే చిట్లుతుంది, కాల్చి మెత్తబరచాలి. కాబట్టి 420కి పదును పెట్టడం, 304కి బిరుసు తీయడం అని రాయండి. రెండు మాటలూ పిల్లల ఇళ్ళలో ఉన్నవే.