గ్రానైట్ వేయకముందే డిష్‌వాషర్, చిమ్నీ పాయింట్లు ఎక్కడ పెట్టించాలి?

అందరికీ నమస్తే. కూకట్‌పల్లిలో మాది పదిహేనేళ్ల నాటి ఫ్లాట్. వంటగది మొత్తం పగలగొట్టేశాం, సోమవారం గ్రానైట్ వేస్తారు. మేస్త్రీ ఏమో "ముందు బండ పడనీండి మేడమ్, సామాను తర్వాత చూసుకుందురు" అంటున్నాడు. నాకు ధైర్యం చాలట్లేదు. పోయినసారి ఇలాగే విన్నాం. హాబ్ (బండలో దించే గ్యాస్ పొయ్యి) కోసం కోసిన కంత అంగుళం పెద్దదైంది, ఏడేళ్లు ఆ సందులో వైట్ సిమెంట్ పూస్తూనే ఉన్నాను.

ఇప్పుడు అసలు తలనొప్పి డిష్‌వాషర్. వెడల్పు 60 సెం.మీ., ఎత్తు 85. పాత గట్టు 32 అంగుళాలే, అంటే 81 సెం.మీ. బండ మందం పోగా మెషిన్ పట్టాలంటే 35 అంగుళాలు చేయించాలి. మా అత్తయ్య ఐదడుగులు కూడా ఉండరు, "పీటెక్కి పోపు పెట్టమంటావా" అంటున్నారు! మెషిన్ పై మూత తీసి తక్కువ ఎత్తు గట్టు కింద దూర్చినవాళ్లెవరైనా ఉన్నారా?

16 ఆంప్స్ సాకెట్ మెషిన్ వెనకా, పక్కన సింక్ కింద అరలోనా? వెనక పెడితే రిపేరొస్తే మెషిన్ లాగాల్సిందే కదా. దాని నీళ్లు సింక్ పైపులోనే కలపొచ్చా?

చిమ్నీ 6 అంగుళాల పైపు బాల్కనీకి వెళ్లాలంటే రెండు వంపులు తప్పవు. పొగ సరిగ్గా లాగుతుందా? అనుభవం ఉన్నవాళ్లు ఆదివారంలోపు చెప్పండి, ప్లీజ్.