కీబోర్డ్ వాయించేటోళ్లు ప్రొడక్షన్ దిక్కు పోవాలంటే?

ప్రశ్న (నల్లగొండ):
రాక్ బ్యాండుల కీబోర్డ్ వాయిస్త. ఇగ వేరేటోళ్ల పాటలు రికార్డు చేద్దామనుకుంటున్న. ఇంటర్‌ఫేస్‌కు (కీబోర్డ్, మైకులు ల్యాప్‌టాప్‌కు కలిపే డబ్బా) రెండే ఇన్‌పుట్లు. కీబోర్డ్ తగిలిస్తే గుంయ్‌మని హమ్ వస్తుంది, సాఫ్ట్‌వేర్ పియానో నొక్కితే సౌండు ఆలస్యంగ వినవడ్తుంది. ఏం చెయ్యాలె అన్నా?

జవాబు (మహబూబ్‌నగర్):
తమ్మీ, ముందుగాల ల్యాప్‌టాప్ చార్జర్ పీకి చూడు. హమ్ పోయిందంటే అది గ్రౌండ్ లూపే, అంటే రెండు ఎర్త్ దారుల నడుమ కరెంటు తిరిగి వచ్చే గుంయ్. కీబోర్డ్‌కు ఇంటర్‌ఫేస్‌కు నడుమ ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐ బాక్స్ (కీబోర్డ్ సిగ్నల్‌ను మైక్ ఇన్‌పుట్‌కు తగ్గట్టు మార్చే డబ్బా) పెట్టి, మైక్ ఇన్‌పుట్‌ల కలుపు. స్టీరియో కావాలంటే రెండు ఛానళ్ల డీఐ తీస్కో. ప్లగ్గు ఎర్త్ పిన్ను మాత్రం ఇరగ్గొట్టకు, షాక్ కొడ్తది.

ఆలస్యం బఫర్‌తోని, అంటే కంప్యూటర్ సౌండు తునకలను (శాంపిళ్లను) కొన్ని జమచేసి ఒక్కసారి పంపుడు. 48 కిలోహెర్ట్జ్‌ల (సెకనుకు 48 వేల శాంపిళ్లు) 512 శాంపిళ్లంటే ఒక్క దిక్కే 10.7 మిల్లీసెకన్లు, 128 అంటే 2.7. వాయించేటప్పుడు 128, చిటపటలొస్తే 256. మిక్సింగ్‌ల 1024 పెట్టుకున్నా నష్టం లేదు.

ఇంకో జవాబు:
ఆడియోతోపాటు మిడి (ఏ నోటు ఎప్పుడు నొక్కినవో రాసుకునే డేటా) కూడ రికార్డు చెయ్యి. తప్పు నోటు పడితే ఆ ఒక్కటే దిద్దొచ్చు, టోను తర్వాత మార్చొచ్చు. పీకులు (సౌండు అన్నిటికంటే పెద్దగ లేచే చోట్లు) -12 డీబీ కాడ ఉంచు.

అసలు కష్టం ఎడమ చెయ్యి. అది బేస్ గిటార్ జాగల దూరి మిక్సంత బురద చేస్తది. కీబోర్డ్ సౌండుల 150 హెర్ట్జ్ కిందున్న లోతు సౌండు కోసెయ్యి, లేదంటే ఎడమ చెయ్యి వాయించకనే పో. ఆల్ కూపర్ 1965ల బాబ్ డిలాన్ పాటకు ఆర్గాన్ వాయించిండు, 1973ల లినర్డ్ స్కినర్డ్ అనే అమెరికా రాక్ బ్యాండు మొదటి ఆల్బమ్ ప్రొడ్యూస్ చేసిండు. ఆర్గాన్ వాయించినాయన గిటార్ల బ్యాండునే ప్రొడ్యూస్ చేసిండు, చూస్కో.

అడిగినాయన:
చార్జర్ పీకంగనే హమ్ పోయింది. డీఐ తెస్త.