కాలేజీ ఆటగాళ్లకు జీపీఏ కటాఫ్ ఉండాలా?

డల్లాస్‌నాన్న:
మావాడు ఇక్కడ హైస్కూల్లో లెవెన్త్, 400 మీటర్లు బాగా పరుగెత్తుతాడు. స్కూల్ కౌన్సెలర్ ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ) లెక్క చెప్పారు. డివిజన్ 1లో, అంటే కాలేజీ ఆటల పై స్థాయిలో, మొదటి ఏడాదే ఆడాలంటే హైస్కూల్లో 16 కోర్ కోర్సుల్లో (ఇంగ్లిష్, లెక్కలు, సైన్స్ లాంటి ముఖ్య సబ్జెక్టులు) 2.3 జీపీఏ (4కి గ్రేడ్ల సగటు) కావాలట. అందులో పది ట్వెల్త్ మొదలయ్యేలోపే అయిపోవాలి. తర్వాత ఆ గ్రేడ్లు మళ్లీ చదివి పెంచుకోవడానికి లేదు. టెన్త్‌లో కెమిస్ట్రీ పాడైతే ఇక అంతేనా? పరుగుకీ దానికీ ఏం సంబంధమండీ?

లెక్కలమాస్టారు:
2.3 అంటే సి ప్లస్. అదీ అడగొద్దంటే ఎలా సార్? డెక్స్టర్ మ్యాన్లీ ఓక్లహోమా స్టేట్ యూనివర్సిటీలో అమెరికన్ ఫుట్‌బాల్ ఆడి ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో స్టార్ అయ్యాడు. చదవడం రాకుండానే కాలేజీ దాటేశానని 1989లో సెనేట్ సబ్‌కమిటీ ముందు ఒప్పుకున్నాడు. ఆటైపోయాక అలాంటి కుర్రాడి గతేంటి?

హూప్స్‌పిచ్చి:
అదే 1989 జనవరిలో జార్జ్‌టౌన్ యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ కోచ్ జాన్ థాంప్సన్ మ్యాచ్ మొదలవబోతుండగా కోర్టు వదిలి వెళ్లిపోయాడు, మాస్టారూ. కటాఫ్ అందుకోని పిల్లలకి స్కాలర్‌షిప్ కూడా ఇవ్వకూడదన్న ఎన్‌సీఏఏ రూలు ప్రపోజిషన్ 42 మీద నిరసన అది. ఆ కటాఫ్‌లో ఉన్న శాట్ (కాలేజీ ప్రవేశ పరీక్ష) స్కోరు పేద నల్లజాతి పిల్లల్నే ఎక్కువ దెబ్బతీస్తుందని ఆయన వాదన. ఆటగాళ్లకి శాట్, అలాంటిదే అయిన ఏసీటీ అక్కర్లేదని ఎన్‌సీఏఏ చెప్పడానికి 2023 దాకా పట్టింది!

లెక్కలమాస్టారు:
శాట్ పోతే పోయింది. క్లాసులో మార్కులు ఎందుకు పోవాలి?

అడ్వైజర్‌అక్క:
నేను ఒక యూనివర్సిటీలో అడ్వైజింగ్ చేస్తాను. మీరంతా గేటు దగ్గరే కొట్టుకుంటున్నారు, అసలు టెన్షన్ లోపలికొచ్చాక. ఆట కొనసాగాలంటే రెండో ఏడాది అయ్యేసరికి డిగ్రీలో 40 శాతం, మూడో ఏడాదికి 60, నాలుగో ఏడాదికి 80 శాతం పూర్తి కావాలి. ఎంచుకున్న డిగ్రీకి పనికొచ్చే క్రెడిట్లే లెక్క. సైకాలజీలో చేరిన పిల్ల రెండేళ్లయ్యాక ఇంజనీరింగ్‌కి మారతానంటే పాత క్రెడిట్లు సగం ఎగిరిపోతాయి, 40 శాతం అందదు, ఆట బంద్. అందుకని వద్దులే అనుకుని ఉన్నదాంట్లోనే ఉండిపోతారు. చదువు కోసం పెట్టిన రూలు చదువునే కట్టేస్తోంది.

ఇక నార్త్ కరోలినా యూనివర్సిటీ సంగతి. 1993 నుంచి 2011 దాకా క్లాసు జరగకుండా ఒక్క పేపరు రాస్తే గ్రేడు. మొత్తం 3,100 మందికి పైగా, అందులో దాదాపు సగం ఆటగాళ్లు. ఆ కోర్సులు మామూలు విద్యార్థులకీ ఉన్నాయి కాబట్టి తమ రూల్ తప్పినట్టు తేల్చలేమని 2017లో ఎన్‌సీఏఏ చేతులెత్తేసింది. పిల్లాడు మాత్రం 2.29 తెస్తే బెంచీ మీద కూర్చోవాలి.

లెక్కలమాస్టారు:
జట్లకీ శిక్ష ఉందమ్మా. జట్టు పిల్లలు చదువులో ఎలా ఉన్నారో, కాలేజీలో నిలుస్తున్నారో లేదో చూసే ఏపీఆర్ స్కోరు 1000కి కనీసం 930 ఉండాలి. అది లేకనే 2011 ఛాంపియన్ యూకాన్ (కనెక్టికట్ యూనివర్సిటీ) బాస్కెట్‌బాల్ జట్టుని 2013 టోర్నీకి రానివ్వలేదు.

అడ్వైజర్‌అక్క:
ఆ స్కోరు ఎప్పటిది మాస్టారూ? అంతకు ముందు ఏళ్లది. ఆ పాత జట్టులో చాలామంది అప్పటికే వెళ్లిపోయారు, కోచ్ కూడా 2012లోనే రిటైర్. 2013లో ఇంట్లో కూర్చుంది మిగిలినవాళ్లూ కొత్తగా వచ్చినవాళ్లూ. కటాఫ్ ఉంచండి, నేను వద్దనను. కానీ ఏపీఆర్ తగ్గితే ముందు కోచ్ జీతంలో కోత పడాలి.