అప్‌డేట్: నాలుగు గంటలైనా ఉడకని పింటో బీన్స్

పోయిన నెల అడిగాను కదా, ఇక్కడ అమెరికాలోని టెనెస్సీలో పక్కింటి పెద్దావిడ చెప్పినట్టే పింటో బీన్స్ (రాజ్మా లాంటి మచ్చల గింజలు) పొయ్యి మీద పెడితే నాలుగు గంటలైనా పలుకు పోలేదని. సమాధానాలిచ్చిన అందరికీ థాంక్స్.

తప్పు గింజలదే. అల్మరాలో వెనక పడున్న ఆ ప్యాకెట్ రెండేళ్ల కిందటిది. "ముందు కొత్తవి కొని చూడండి" అన్నవారే కరెక్టు. మొన్న రాత్రి పాతవీ కొత్తవీ విడివిడిగా నానబెట్టి, నిన్న రెండు గిన్నెల్లో పెట్టా. కొత్తవి గంటన్నరకే వేలితో నొక్కితే వెన్నలా నలిగాయి, రసం కూడా చిక్కబడింది. పాతవాటికి తొక్క ఊడింది గానీ లోపల సుద్దముక్కే. పావు చెంచా వంటసోడా వేస్తే ఇంకో గంటకి దారికొచ్చాయి, కాస్త సబ్బు రుచి తగిలిందనుకోండి.

ఉప్పు వల్ల కాదు. ఈసారి నానబెట్టిన నీళ్లలోనే వేశా. నీళ్ల వల్లా కాదు, రెంటికీ అదే కుళాయి. టమాటా మాత్రం ఉడికాకే వేయండి, పులుపు పడితే గింజ మెత్తబడడం ఆలస్యమవుతుంది.

వీటితో తినే కార్న్‌బ్రెడ్ (మొక్కజొన్న పిండి రొట్టె) అడుగంటడం కూడా పోయింది: ఇనప మూకుడు ఓవెన్‌లో బాగా కాల్చి, నెయ్యి వేసి, పిండి పోయగానే చుయ్‌మనాలి. మా ఆయన దాన్ని ఆవకాయతో తిన్నారు. పెద్దావిడకి చెప్పలేదు.